విహారంలోనూ విశ్వాసులమే

ఒంటిపూట బడులు ముగిసి, వి.బి.ఎస్. చివరి రోజున పిల్లలు అభినయ గీతాలు పాడి బహుమతులు అందుకున్నాక మా జహీరాబాద్ ప్రాంతపు సంఘాల్లో ఒక ప్రశ్న తప్పక లేస్తుంది. ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం? పాతికేళ్ల కిందటైతే జవాబు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. మెదక్ చర్చి, సింగూరు డ్యాం, బీదర్ కోట, మరీ దూరమంటే హైదరాబాద్ జూపార్కు. సద్దులు కట్టుకుని డీసీఎంలో ఎక్కి కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడు ఆ పేర్లు చెబితే పిల్లలు మొహం తిప్పుకుంటున్నారు. నీళ్లలో జర్రున జారే జారుడుబండలు, తలకిందులు చేసే రైళ్లు, ఉన్నట్టుండి అలలు లేచే కొలనులు కావాలంటున్నారు.

తప్పు పిల్లలది కాదు. కాలం అలా మారింది. 1996లో హయత్‌నగర్ అవతల రామోజీ ఫిల్మ్ సిటీ మొదలైంది. 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నోవరల్డ్ తెరుచుకుంది. 2016 ఏప్రిల్‌లో రావిర్యాల వద్ద వండర్‌లా వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు పుణ్యమా అని దూరం కూడా అడ్డు కాకుండా పోయింది. ముంబయి రహదారి మీద సదాశివపేట, సంగారెడ్డి దాటి ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే నగరంలో అడుగుపెట్టకుండానే అటు రావిర్యాలకు, ఇటు ఫిల్మ్ సిటీకి చేరుకోవచ్చు. తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని బస్సెక్కిన వాళ్లు గేట్లు తెరిచే వేళకు అక్కడుంటారు. రాత్రికి మళ్లీ జహీరాబాద్.

అయితే ఈ ప్రయాణాల మీద సంఘాల్లో ఒక పాత తగవు ఉంది. సినిమాకు, జాతరకు వెళ్లరాదని విని పెరిగిన పెద్దలు ఇదీ లోకపు పోకడే కదా అంటారు. ఆ డబ్బుతో ప్రార్థనా మందిరానికి రెండు ఫ్యాన్లు వస్తాయనీ అంటారు. యౌవనులేమో బైబిలులో నవ్వకూడదని ఎక్కడుందని ఎదురడుగుతారు. మా మట్టుకు మేము యౌవనుల పక్షమే, కానీ పూర్తిగా కాదు. జెకర్యా ప్రవక్త యెరూషలేము బాగుపడే రోజును చూపించినప్పుడు వీధుల్లో ఏం చూశాడు? కర్రలు పట్టుకుని కూర్చున్న ముసలివాళ్లను, ఆడుకుంటున్న మగపిల్లల్ని, ఆడపిల్లల్ని చూశాడు (జెకర్యా 8:4, 5). పిల్లల ఆట దేవుని దృష్టిలో చిన్న విషయమైతే ప్రవచనంలో దానికి చోటెందుకు దొరుకుతుంది? ఇక సంఘ పెద్దల ఫ్యాన్ల మాట సంగతి. దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ మాటకు తర్వాత వద్దాం.

వెళ్లొచ్చిన కుటుంబాలను కదిలిస్తే రెండు రకాల మాటలూ ఒకే నోట వినిపిస్తాయి. చెరకు కొట్టి కొట్టి చేతులు కాయలు కాసిన ఒక తండ్రి పెళ్లయ్యాక మొదటిసారి పెద్దగా అరిచి నవ్వాడట. ఆ నవ్వు విని తన పిల్లలు బిత్తరపోయారని అతని భార్య చెప్పింది. ఆ ఇంట్లో నాన్న అంటే అప్పటిదాకా భయమే. నీళ్ల దెబ్బకు తడిసి ముద్దయి, చెప్పులు పోగొట్టుకుని నిలబడ్డ నాన్నను చూశాక ఆ భయం కొంత కరిగింది. మరో ఇంట్లో మాటా మాటా లేని తోడికోడళ్లు ఇద్దరూ ఎత్తయిన జెయింట్ వీల్‌లో ఒకే తొట్టిలో కూర్చోవలసి వచ్చింది. పైకి వెళ్లాక ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో తెలియదట! ఇలాంటివి విన్నప్పుడు టికెట్టు డబ్బు వృథా అయిందని ఎలా అంటాం?

అదే నోటితో చేదు కబుర్లు కూడా చెబుతారు. లోపలికి తిండి తేకూడదన్నారని గేటు దగ్గర జొన్నరొట్టెలు, పులిహోర డబ్బాలు బస్సులోనే వదిలేసి, లోపల రెండింతల ధరకు చల్లారిన అన్నం తిన్నవాళ్లున్నారు. రెండు గంటలు వరుసలో నిలబడి, తీరా తమ వంతు వచ్చేసరికి పిల్లాడి ఎత్తు రెండు వేళ్లు తక్కువైందని పక్కకు పంపేస్తే ఆ పిల్లాడు సాయంత్రం దాకా ఏడ్చిన సంగతులున్నాయి. లాకరు తాళంచెవి పోయి జరిమానా కట్టినవాళ్లు, అలల కొలనులో పుస్తెలతాడు జారిపోయి అక్కడే కూలబడిన అక్క, సాయంత్రం అలసటలో భార్యాభర్తలు పది మందిలో ఒకరినొకరు తిట్టుకుని దారిపొడవునా మాట్లాడుకోకుండా వచ్చిన జంటలు... అన్నీ ఉన్నాయి.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఇలాంటి పార్కులన్నింటికీ పెద్దన్న లాంటిది అమెరికాలో వాల్ట్ డిస్నీ కట్టిన డిస్నీల్యాండ్. అసలా ఆలోచన ఎలా పుట్టిందో ఆయనే చెప్పుకున్నాడు. లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన ఇద్దరు కూతుళ్లు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తాను ఒక బెంచీ మీద ఊరికే కూర్చుని చూడవలసి వచ్చేదట. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలి కదా అనుకున్నాడు. తీరా 1955 జూలై 17న ఆ చోటు తెరుచుకున్నప్పుడు ఏమైంది? దొంగ టికెట్లతో వేలమంది ఎక్కువగా వచ్చారు. ఎండకు అప్పుడే పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల మడమ చెప్పులు దిగబడిపోయాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలావరకు ఎండిపోయాయి. తిండి అయిపోయింది. కుటుంబాలకు సంతోషం పంచాలని కోట్లు పోసి కట్టిన చోట మొదటిరోజు దాహంతో, కోపంతో తిరిగి వెళ్లినవాళ్లు ఎందరో! కాబట్టి రద్దీ రోజున మన పిల్లాడు నీళ్ల కోసం ఏడిస్తే మనకొక్కరికే జరిగిందని కుంగిపోనక్కర్లేదు.

ఆ బెంచీ మాత్రం ఇంకా అలాగే ఉంది. ఏ పార్కుకైనా వెళ్లి చూడండి. చెట్టు కింద బెంచీ మీద ఒక అమ్మమ్మో నానమ్మో, ఆమె చుట్టూ ఇరవై సంచులు, చెప్పుల జతలు, సెల్‌ఫోన్లు. ఉదయం కూర్చోబెడితే సాయంత్రం వరకు కాపలా. ఆమెకూ టికెట్టు కొన్నారు. ఆమె చూసింది మాత్రం సంచులనే. తల్లిని గౌరవించమన్న ఆజ్ఞ పార్కు గేటు దగ్గర ఆగిపోతుందా? ఇద్దరిద్దరు చొప్పున గంటకోసారి కాపలా మార్చుకుంటే ఆమె కనీసం పిల్లలెక్కే చిన్న రైలైనా ఎక్కుతుంది, పక్షుల పార్కైనా చూస్తుంది. ఫిల్మ్ సిటీలో ఎర్ర బస్సు ఎక్కించి కూర్చున్నచోటే అన్నీ తిప్పి చూపిస్తారు. ముసలివాళ్లున్న గుంపుకు నీళ్ల పార్కుకన్నా అదే నయమని మా అభిప్రాయం. అక్కడ ముందు నుంచి చూస్తే ఒక భవనం, పక్కకు తిరిగితే మరొకటి, వెనక చూస్తే ఉత్త కర్రలు. అది చూసి దాని మీద ప్రసంగం చెప్పాలని నోరు ఊరని బోధకుడు ఉండడు. బస్సులో వద్దు, ఆదివారం దాకా ఆగమని మనవి!

చేదు అనుభవాల్లోకెల్లా భయంకరమైనది పిల్లవాడు తప్పిపోవడం. సువార్తల్లో ఇది మన ప్రభువు ఇంట్లోనే జరిగింది. లూకా సువార్త రెండో అధ్యాయం చివర్లో ఉన్న ఆ సంగతిని మనం ఎప్పుడూ బాలుడైన యేసు జ్ఞానాన్ని గురించి చెప్పడానికే వాడతాం. ఒకసారి విహారయాత్రకు గుంపుగా వెళ్లే కుటుంబాల కళ్లతో చదవండి. పస్కా పండుగ. కిక్కిరిసిన పట్టణం. నజరేతు నుండి బంధువులు, ఊరివాళ్లు అందరూ కలిసి వచ్చారు. తిరుగు ప్రయాణంలో పిల్లవాడు గుంపులో ఎవరితోనో ఉన్నాడులే అనుకుని ఒక రోజు ప్రయాణం సాగిపోయారు. యోసేపు, మరియ నిర్లక్ష్యపు మనుషులా? కాదు. గుంపు మీద నమ్మకమే అక్కడ కొంప ముంచింది. మన బస్సు యాత్రల్లో జరిగేదీ ఇదే. బాబు వాళ్ల పిన్నితో ఉన్నాడని తల్లి, తల్లితో ఉన్నాడని పిన్ని అనుకుంటారు. అరవై మంది ఉన్న గుంపులో పిల్లవాడు అందరి బాధ్యతా అవుతాడు, అంటే ఎవరి బాధ్యతా కాడు.

అదే అధ్యాయంలో మరో సంగతి ఉంది. మూడు రోజుల తర్వాత దేవాలయంలో కుమారుడు కనిపించగానే మరియ చేసిన మొదటి పని ప్రశ్న అడగడం. ఎందుకిలా చేశావు, నీకోసం ఎంత దుఃఖపడుతూ వెదికామో తెలుసా అన్న భావంతో అడిగింది. ఆ తర్వాత అతడు చెప్పింది వింది. అర్థం కాకపోయినా ఆ మాటలు హృదయంలో దాచుకుంది. మన అలవాటు వేరు. దొరికిన పిల్లాడికి ముందు చెంప మీద ఒకటి పడుతుంది, ఆ తర్వాతే కౌగిలింత. ఎంతసేపు తల్లి కనిపించక వణికిపోయాడో ఆ పసివాడికి, తల్లి దొరికిన క్షణం దెబ్బగా గుర్తుండిపోతుంది. ఒక సండేస్కూలు టీచరమ్మ మాకు చెప్పిన పద్ధతి బాగుంది. బస్సు దిగకముందే ప్రతి పిల్లాడి ముంజేతి మీద ఇద్దరు పెద్దల ఫోను నంబర్లు బాల్‌పెన్నుతో రాస్తుందట. పదిమంది పిల్లలకు ఒక పెద్ద, పేర్లతో సహా. తప్పిపోతే నడవకుండా ఉన్నచోటే నిలబడాలని, యూనిఫారం వేసుకున్న పనివాళ్లకు చెయ్యి చూపించాలని ముందే నేర్పిస్తుంది. ఎంతకీ దొరక్కపోతే పార్కు ఆఫీసులో చెప్పడంతో పాటు 112కు ఫోను చేయడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు ఎత్తు కొలిచే కర్ర సంగతి. పిల్లాడు రెండు వేళ్లు తక్కువున్నాడని వెనక్కి పంపితే గొడవపడే తండ్రులు చాలామంది. బూట్లలో గుడ్డలు కుక్కి పొడుగు చేసే తల్లులూ ఉన్నారు. అసలా గీత ఎందుకు గీశారు? రోలర్ కోస్టర్‌ను మొదటి ఎత్తుకు గొలుసు లాక్కెళుతుంది. అక్కడి నుంచి చాలావాటికి ఇంజను ఉండదు, కిందికి లాగే బరువే దాన్ని పరిగెత్తిస్తుంది. పట్టా మీద కొన్ని చక్రాలు, పక్కన కొన్ని, పట్టా కింద మరికొన్ని ఉండి పెట్టెను పట్టి ఉంచుతాయి. పెట్టెను చక్రాలు పట్టుకుంటాయి సరే, పెట్టెలోని మనిషిని చాలావాటిలో పట్టుకునేది ఒడిలో వాలే ఇనుప కడ్డీ. అది ఒక పాటి శరీరానికి సరిపోయేలా చేసింది. చిన్న ఒళ్లు దాని కింద నుంచి జారిపోవచ్చు. ఆ కర్ర పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు మన పిల్లాడి శత్రువు కాడు. కొత్త ఇల్లు కట్టుకుంటే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టమని, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుందని మోషే ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీయోపదేశకాండము 22:8). ఆ కర్ర అలాంటి పిట్టగోడే.

పిట్టగోడ దాటితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ పార్కులో 2015 జూన్ 2న స్మైలర్ అనే కోస్టర్ మీద మనుషులున్న బండి, పట్టా మీద ఆగిపోయిన ఖాళీ బండిని గుద్దుకుంది. పదహారు మంది గాయపడ్డారు. ఇద్దరు యువతులకు కాలు తీసేయవలసి వచ్చింది. యంత్రం తన పని తాను సరిగానే చేసింది, ముందు బండి ఉందని గుర్తించి వెనక బండిని ఆపింది. అక్కడి సిబ్బందే అది యంత్రం పొరపాటనుకుని ఆ ఆజ్ఞను కాదని బండిని వదిలారు. మరుసటి ఏడు కోర్టు ఆ సంస్థకు యాభై లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మన దేశంలో 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర ఊయల లాంటి ఒక రైడ్ విరిగి కూలి ఇద్దరు చనిపోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి, ఎక్కినవాళ్లు కొంతసేపు తలకిందులుగా వేలాడారు.

భయపెట్టడానికి ఇవి చెప్పడం లేదు. కోట్లమంది ఏటా ఎక్కి క్షేమంగా దిగుతున్నారు. ఒక రైడ్‌ను మధ్యాహ్నం ఆపేసి పరీక్షిస్తున్నామని బోర్డు పెడితే మాత్రం టికెట్టు డబ్బులు వాపసు ఇమ్మని అరవకండి. ఆపినందుకు కృతజ్ఞత చెప్పండి. అసలు అడగవలసినచోట మనం అడగం. జాతరలో నాలుగు రోజుల కోసం బిగించిన జెయింట్ వీల్ బోల్టులను ఎవరు చూశారని ఎన్నడైనా అడిగామా? పెద్ద పార్కులో కర్ర మీద అరిచే తండ్రే ఊరి జాతరలో మూడేళ్ల పిల్లాడిని బెల్టు లేని తొట్టిలో కూర్చోబెడతాడు.

బట్టల గురించి సంఘంలో స్త్రీలు గుసగుసగానే మాట్లాడతారు కాబట్టి ఇక్కడ బాహాటంగా చెబుతాం. నీళ్ల పార్కుల్లో చీరతో, నూలు పంజాబీ డ్రెస్సుతో కొలనులోకి దిగనివ్వరు. నైలాను లాంటి బట్టే ఉండాలంటారు. దీన్ని కొందరు మర్యాద మీద దాడిగా తీసుకుంటారు. నూలు బట్ట తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, దాని పోగులు నీటిని శుభ్రపరిచే యంత్రంలో చిక్కుకుంటాయి. కారణం అంతే. ఒళ్లంతా కప్పే నైలాను దుస్తులు, మోకాళ్ల కిందిదాకా ఉండేవి దుకాణాల్లో దొరుకుతాయి. ముందే కొనుక్కుని వెళ్తే అక్కడ అద్దె బట్టల దగ్గర సిగ్గుపడే పని ఉండదు. దిగడం ఇష్టం లేని అక్కను రమ్మని చెయ్యిపట్టి లాగడం మాత్రం సహవాసం కాదు. ఉంగరాలు, పుస్తెలు బస్సెక్కే ముందే ఇంట్లో దాచడం మంచిది.

వరుసల దగ్గర మరో పరీక్ష. చాలా పార్కుల్లో ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకు వేరే దారి ఉంటుంది, వాళ్లు గంటల వరుసను దాటి ముందు ఎక్కేస్తారు. అది చూసి ఒక పాప తండ్రిని అడిగిందట, "వాళ్లు మనకన్నా మంచోళ్లా డాడీ, ముందు ఎక్కిన్రు?" అని. తండ్రి దగ్గర జవాబు లేదు. వ్యాపారం తన పద్ధతిలో నడుస్తుంది, దాన్ని మనం మార్చలేం. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి పీట, మాసిన బట్టలవాడికి నేల అన్న తేడా సంఘంలో చూపొద్దని యాకోబు రాసింది (యాకోబు 2:1-4) పార్కు యజమానులకు కాదు, విశ్వాసులకు. కాబట్టి ఆ పాప ప్రశ్న మన బస్సు వైపు తిరుగుతుంది. ఒకే సంఘం నుంచి ఒకే బస్సులో వెళ్లి, లోపల కొన్ని కుటుంబాలు వేగపు టికెట్లు కొనుక్కుని విడిపోతే వెనక వరుసలో నిలబడ్డ పిల్లలు ఏం నేర్చుకుంటారు? కొంటే అందరికీ కొనాలి, లేదా అందరూ నిలబడాలి.

ఇక ఫ్యాన్ల సంగతి. సంఘ పెద్దలు అడిగింది అసలు డబ్బు ప్రశ్న. నలుగురున్న ఇంటికి టికెట్లు, బస్సు, తిండి, బట్టలు కలిపితే కూలికి పోయే కుటుంబానికి కొన్ని వారాల సంపాదన. అందుకే బస్సుకు పేర్లు రాసేటప్పుడు కొందరు ఊళ్లో పనుందని, పాపకు జ్వరమని తప్పుకుంటారు. ఆదివారం నాడు సండేస్కూల్లో మిగతా పిల్లలు పార్కు కబుర్లు చెబుతుంటే ఆ పాప కిటికీ వైపు చూస్తుంది. జ్వరం లేదని ఆమెకు తెలుసు.

ధర్మశాస్త్రంలో దీనికి ఒక ఏర్పాటు ఉంది, చాలామంది దాన్ని దాటుకుని చదివేస్తారు. దేవుడు ఏర్పరచిన స్థలం మరీ దూరమైతే ఇశ్రాయేలీయుడు తన దశమభాగాన్ని అమ్మి, డబ్బు మూట కట్టుకుని అక్కడికి వెళ్లి, తన మనసు కోరినది కొని, ఇంటివారితో కలిసి దేవుని సన్నిధిలో తిని సంతోషించాలి (ద్వితీయోపదేశకాండము 14:24-27). దూర ప్రయాణం, డబ్బు, ఇంటిల్లిపాది, సంతోషం అన్నీ అక్కడున్నాయి. అది పార్కు టికెట్టుకు అనుమతి పత్రం కాదు, అది ఆరాధన విందు. కానీ ఆ విందు వర్ణన వెంటనే, పొలంలో భాగం లేని లేవీయుణ్ణి విడిచిపెట్టొద్దన్న మాట వస్తుంది. ఆ తర్వాతి వచనాల్లో పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు వస్తారు. సంతోషించమన్న ఆజ్ఞ పక్కనే వాళ్ల పేర్లు రాసి ఉన్నాయి.

కొన్ని సంఘాలు దీన్ని మర్యాదగా చేస్తున్నాయి. ఎవరెంత కట్టారో చదివి వినిపించే పద్ధతి ఎత్తేసి, జనవరి నుంచే మందిరంలో మూసిన డబ్బా ఒకటి పెడతారు. కుదిరినవాళ్లు కుదిరినంత వేస్తారు. చెరకు బిల్లులు వచ్చిన నెలలో ఒకరు ఎక్కువ వేస్తారు, అల్లం ధర పడిపోయిన ఏడు మరొకరు ఏమీ వేయలేరు. మే నెలలో డబ్బాలో ఉన్న డబ్బుకు ఏ చోటు అందితే అక్కడికే అందరూ వెళ్తారు. గుంపుగా వచ్చే సంఘాలకు, బడులకు టికెట్టులో తగ్గింపు ఉంటుందేమో ముందే ఫోను చేసి కనుక్కుంటారు. వేసవి ఆదివారాల రద్దీ తప్పించుకోవడానికి మామూలు పనిదినం చూసుకుంటారు. ఒక ఏడాది అలా లెక్క చూస్తే పెద్ద పార్కుకు సరిపోలేదట. పిల్లలు మూతులు ముడుచుకున్నారు. చివరికి అందరూ కలిసి సింగూరు వెళ్లారు. జొన్నరొట్టెల మీద ఎవరూ ఆంక్ష పెట్టలేదు. నానమ్మలు సంచులు చెట్టుకు వేలాడదీసి నీళ్ల దాకా నడిచి వెళ్లారు.